గాజా గురించి మాట్లాడితే యూదు ద్వేషి అంటున్నారు. గీత ఎక్కడ గీయాలి?

గోదారి_గట్టు
మా చర్చి వాట్సాప్ గ్రూపులో మొన్న గాజాలో పిల్లల ఆకలి గురించి ఒక వార్త పెట్టాను. వెంటనే మొదలైంది. "యూదుల మీద ఇంత ద్వేషమా", "దేవుడిచ్చిన భూమిని ప్రశ్నించడానికి నువ్వెవరు" అని. నేను మాట్లాడింది తిండి లారీలను ఆపిన ప్రభుత్వం గురించి. యూదుల గురించి ఒక్క ముక్క అనలేదు. అదే రోజు రాత్రి కాలేజీ స్నేహితుల గ్రూపులో ఒకడు, ప్రపంచంలో బ్యాంకులన్నీ యూదుల గుప్పిట్లో ఉన్నాయని, హిట్లర్ ఊరికే చేయలేదని రాశాడు. దానికి చప్పట్ల బొమ్మలు పడ్డాయి. ఒళ్లు మండిపోయింది.
నాకు రెండు విషయాలు తెలియాలి. జియోనిజాన్ని, అంటే పాలస్తీనాలో యూదులకో దేశం కావాలన్న వాదాన్ని, తప్పుపడితే అది యూదు ద్వేషం అవుతుందా? ఆ నేల మీద పాలస్తీనా వాళ్ల హక్కు దేని మీద నిలబడుతుంది? తెలిసినవాళ్లు సంవత్సరాలతో సహా చెప్పండి. తిట్లు మాత్రం వద్దు.

చరిత్ర_పిచ్చి
మొదటిదానికి నా జవాబు: దానంతట అది కాదు. జియోనిజం యూదు మతమంత పాతది కాదు, 19వ శతాబ్దపు యూరప్‌లో పుట్టిన రాజకీయ ఉద్యమం. రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద దాడులు, 1894లో ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే యూదు సైనికాధికారిని దొంగ కేసులో ఇరికించడం, ఇవన్నీ చూసి హెర్జ్ల్ అనే యూదు పాత్రికేయుడు 1896లో "మనకో దేశం కావాలి" అని పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో మొదటి మహాసభ జరిగింది. అదే 1897లో విల్నాలో యూదు కార్మికులు బండ్ అనే పార్టీ పెట్టారు. ఎక్కడికీ పోము, ఉన్నచోటే హక్కుల కోసం పోరాడతాం అన్నది వాళ్ల వాదన.
1917లో బ్రిటన్, పాలస్తీనాలో యూదుల జాతీయ నివాసానికి మద్దతిస్తామని బాల్ఫర్ ప్రకటన ఇచ్చినప్పుడు దాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లలో ఎడ్విన్ మాంటేగ్ ఒకడు. మనం స్కూల్లో చదువుకున్న మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగే. అప్పుడు ఇండియా వ్యవహారాల మంత్రి, స్వయంగా యూదుడు. "పాలస్తీనా మీ దేశం అంటే రేపు ప్రతి దేశమూ నన్ను పరాయివాడిగా చూస్తుంది" అన్నది ఆయన భయం. ఆయన్ని యూదు ద్వేషి అంటారా?

న్యూజెర్సీ_నాగమల్లి
చరిత్ర గారూ, మీరు చెప్పిందంతా 1933లో హిట్లర్ గద్దెనెక్కకముందు సంగతి. బండ్‌ను నమ్ముకుని పోలండ్‌లో ఉండిపోయిన వాళ్లు ఏమయ్యారో కూడా రాయండి. 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని యూదు శరణార్థుల మీద జాలి చూపించాయి. తలుపు తీసిన దేశాలు దాదాపు లేవు. 1939లో సెయింట్ లూయిస్ అనే ఓడ 900 మందికి పైగా యూదులతో క్యూబా దాకా వెళ్లింది. క్యూబా దింపుకోలేదు, అమెరికా దింపుకోలేదు. ఓడ యూరప్‌కి తిరిగిపోయింది. వాళ్లలో 250 మందికి పైగా నాజీల పాలబడి చనిపోయారు. అదే ఏడాది, అప్పుడు పాలస్తీనాని ఏలుతున్న బ్రిటన్ అక్కడికి యూదుల వలసని ఐదేళ్లకు 75 వేలకి కుదించింది.
మాకంటూ ఒక తలుపు ఉండాలి అని వాళ్లు అనుకోవడంలో తప్పేముంది? మా వీధి చివర సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ముందు ప్రతి శనివారం పోలీసు కారు ఉంటుంది. 2018లో పిట్స్‌బర్గ్‌లో ప్రార్థన చేసుకుంటున్న 11 మందిని చంపేశాక పెట్టారు. ఇక్కడ "జియోనిస్టులు" అని అరిచేవాళ్లలో సగం మంది మనసులో ఉన్నది యూదులే.

పాతబస్తీ_కుర్రాడు
నాగమల్లి అక్కా, ఆ ఓడ కథ చదివితే నాకూ కడుపు తరుక్కుపోతుంది. కానీ వాళ్లని చంపింది జర్మనీ. తలుపులు మూసింది అమెరికా, బ్రిటన్. మూల్యం కట్టింది మాత్రం పాలస్తీనా రేవు పట్నం యాఫాలో నారింజ తోట ఉన్న అరబ్బు. ఇదెక్కడి న్యాయం? గాంధీ 1938 నవంబర్‌లో హరిజన్‌లో రాసింది ఇదే కదా. ఇంగ్లండ్ ఇంగ్లీషువాళ్లది ఎలాగో పాలస్తీనా అరబ్బులది అలాగే అని.

చరిత్ర_పిచ్చి
గాంధీ వ్యాసంలో రెండో సగం కూడా ఉంది తమ్ముడూ. జర్మనీ యూదులు హిట్లర్‌కి ఎదురుగా సత్యాగ్రహం చేయాలన్నాడు. దానికి యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ 1939 ఫిబ్రవరిలో జెరూసలేం నుంచి బహిరంగ లేఖ రాశాడు. సాక్షులే లేకుండా చంపేసే చోట సత్యాగ్రహం ఎవరి మనసు మారుస్తుంది అని అడిగాడు. ఆ ప్రశ్నకి నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. మళ్లీ ఆ బూబరే యూదులూ అరబ్బులూ సమానంగా ఉండే ఒకే రాజ్యం కావాలన్నాడు.

సరదా_సత్తి
పొద్దున్నే కాఫీ తాగుతూ ఇది తెరిచా. కాఫీ చల్లారిపోయింది. కానివ్వండి.

రిటైర్డ్_ఆర్‌ఐ
భూమి ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను మొదలుపెడతాను. ముప్పై ఏళ్లు రెవెన్యూలో ఉన్నవాడిని, నాకు ఇందులో ఆసక్తి ఉంది.
అసలు చిక్కు, పాలస్తీనా ఒట్టోమాన్ తుర్కుల ఏలుబడిలో ఉన్నప్పటి 1858 భూమి చట్టం దగ్గర మొదలైంది. ప్రతి చెక్కనీ ఎవరో ఒకరి పేరు మీద రిజిస్టర్ చేయమన్నారు. రైతు భయపడ్డాడు. పేరు ఎక్కితే పన్ను, పేరు ఎక్కితే కొడుకుని సైన్యంలోకి లాక్కుపోతారు. దాంతో చాలా ఊళ్లలో భూమి షావుకార్ల పేర్ల మీదకి, పట్నంలో ఉండే పెద్దల పేర్ల మీదకి పోయింది. కొన్ని ఊళ్లలో భూమి ఊరందరిదీ. కొన్నేళ్లకొకసారి చెక్కలు మార్చుకుని దున్నుకునేవారు. ఆ పద్ధతిని ముషా అంటారు. అలాంటి భూమిని కూడా ఒకరిద్దరి పేర్ల మీద రాసేశారు. మన లెక్కలో చెప్పాలంటే పట్టా ఒకరిది, కాస్తు ఇంకొకరిది.
తర్వాత బీరూట్‌లో ఉండే సుర్సోక్ కుటుంబం మర్జ్ ఇబ్న్ ఆమిర్ లోయలో, అంటే యూదులు జెజ్రీల్ అనే చోట, పెద్ద పెద్ద ముక్కలు 1920ల్లో యూదు సంస్థలకి అమ్మింది. అమ్మకం చట్టప్రకారమే జరిగింది. కొన్నవాళ్లు డబ్బు కట్టారు, మోసం లేదు. కానీ తరాలుగా దున్నుతున్న కౌలుదార్లు లేచిపోవాల్సి వచ్చింది. కొన్నవాళ్లు యూదు కూలీలతోనే సేద్యం చేయాలనుకున్నారు కాబట్టి పాత రైతుకి కూలి పని కూడా మిగల్లేదు. చాలామంది హైఫా చుట్టూ రేకుల గుడిసెల్లో తేలారు. 1936లో మొదలైన అరబ్బుల తిరుగుబాటు వెనుక ఈ కోపం ఉంది. ఆ ఊళ్ల గురించి చదువుతుంటే నా సర్వీసులో చూసిన కౌలుదార్ల ముఖాలే గుర్తొస్తాయి.

గోదారి_గట్టు
మరి "యూదులు డబ్బిచ్చి కొనుక్కున్నారు" అని మా పాస్టర్ గారు అనేది నిజమేనా?

రిటైర్డ్_ఆర్‌ఐ
కొంతవరకే నిజమమ్మా. 1947 నాటికి యూదుల చేతిలో ఉన్నది మొత్తం నేలలో దాదాపు 7 శాతం. అలాగని మిగతా 93 శాతం అరబ్బు రైతుల పట్టా భూమి అనుకోవడమూ తప్పే. దక్షిణాన నెగెవ్ ఎడారే దేశంలో సగం దాకా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ఎవరి పేరునా ఎక్కలేదు. బెదూయిన్లు అనే సంచార అరబ్బులు అక్కడ మేపుకున్నారు, వానొచ్చినచోట విత్తుకున్నారు. నేలంతా అరబ్బులదేనని చూపిస్తూ వాట్సాప్‌లో తిరిగే ఆకుపచ్చ మ్యాపులు, ఇటువైపు తిరిగే "ఖాళీ ఎడారి" కథలు, రెండూ చెత్తబుట్టలో వేయండి. ఖాళీ నేల అనేవాళ్లకి 1922 జనగణన చూపించండి: జనం ఏడున్నర లక్షలు, అందులో ముస్లింలు ఇంచుమించు 5 లక్షల 90 వేలు, క్రైస్తవులు 70 వేలకి పైన, యూదులు 84 వేలు.

న్యూజెర్సీ_నాగమల్లి
ఆ 84 వేలమందిలో అందరూ నిన్న మొన్న దిగినవాళ్లు కాదని కూడా చెప్పాలి. హెబ్రాన్, సఫేద్, జెరూసలేం ఊళ్లలో యూదులు శతాబ్దాలుగా ఉన్నారు. 1929లో హెబ్రాన్‌లో వాళ్లని ఇళ్లలోకి చొరబడి 67 మందిని చంపారు. ఇజ్రాయెల్ అనే దేశం పుట్టకముందే, ఆక్రమణ అనే మాటకి తావు లేనప్పుడే.

పాతబస్తీ_కుర్రాడు
నిజం. ఆ రోజు ప్రాణాలతో బయటపడ్డ యూదుల్లో చాలామందిని దాచింది పక్కింటి అరబ్బు కుటుంబాలే. అదీ ఆ ఊరి చరిత్రే, అక్కా.

సరదా_సత్తి
ఆర్‌ఐ గారూ, ఒట్టోమాన్ పాస్‌బుక్ సంగతి సరే. మా అమ్మ పేరు మీద మ్యుటేషన్ ఏడాదిగా పెండింగ్. దాని సంగతేంటండీ?

రిటైర్డ్_ఆర్‌ఐ
వేరే థ్రెడ్ పెట్టు బాబూ, చెప్తాను.

లా_విశాఖ
1947 నుంచి నేను అందుకుంటాను. నవంబర్ 29న ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానం 33-13 ఓట్లతో నెగ్గింది, 10 దేశాలు తటస్థం. భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. జనాభాలో మూడో వంతు ఉన్న యూదులకి 55 శాతం నేల వచ్చింది. యూదు నాయకత్వం ఒప్పుకుంది, అరబ్బు నాయకత్వం ఒప్పుకోలేదు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. అప్పటి యుద్ధం ముగిసేసరికి 7 లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లు వదిలి వెళ్లారు లేదా వెళ్లగొట్టబడ్డారు. 400కి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి.
అసలు దెబ్బ ఆ తర్వాత వచ్చిన చట్టాలు. 1950లో ఇజ్రాయెల్ గైర్హాజరుదారుల ఆస్తి చట్టం తెచ్చింది. యుద్ధంలో ఊరు వదిలినవాడి ఇల్లూ పొలమూ ప్రభుత్వ సంరక్షకుడి చేతికి పోతాయి. పక్క ఊరికి పారిపోయి ఇజ్రాయెల్ లోపలే ఉండిపోయి, పౌరసత్వం తీసుకున్నవాడు కూడా గైర్హాజరే. ఇప్పుడు 1970 చట్టం చూడండి. 1948కి ముందు తూర్పు జెరూసలేంలో యూదులకి ఉన్న ఆస్తిని వాళ్లు తిరిగి అడగొచ్చు. అక్కడి షేక్ జర్రా పేటలో అరబ్బు కుటుంబాలని ఖాళీ చేయించే కేసులు దీని మీదే నడుస్తున్నాయి. అదే ఊరికి పడమటి వైపున 1948లో ఇల్లు పోగొట్టుకున్న అరబ్బుకి ఆ హక్కు లేదు. ఒకే నగరం, ఒకే యుద్ధం, రెండు న్యాయాలు. జియోనిజం గురించి ఎన్ని గొప్ప సిద్ధాంతాలు చెప్పినా నేను ఈ రెండు చట్టాల దగ్గరే ఆగిపోతాను.

జగిత్యాల_కేర్‌గివర్
నేను ఇక్కడ ఇజ్రాయెల్‌లోనే పని చేస్తున్న. మా జగిత్యాల, నిజామాబాద్ దిక్కు నుంచి చాలామంది ఉన్నరు ఈ పనిల. నేను చూసుకునే ముసలమ్మది బాగ్దాద్. 1941లో అక్కడ యూదుల మీద పడ్డరు, ఫర్హూద్ అంటరు. 180 మంది దాకా చచ్చిపోయిన్రు. అప్పటికి ఈమె చిన్నపిల్ల, మిద్దె మీద దాసుకున్నదట. 1950, 51ల లక్షా ఇరవై వేల మంది దాకా ఇరాక్ యూదులని విమానాలల్ల ఇక్కడికి తెచ్చిన్రు. అక్కడి ప్రభుత్వం వాళ్ల ఆస్తులన్నీ జప్తు చేసింది. ఇక్కడ మొదలు డేరాలల్లనే ఉన్నరు.
ఆమె ఇంట్ల అరబ్బీలనే మాట్లాడుతది. శనివారం పొద్దున వేయించిన వంకాయ, ఉడకబెట్టిన గుడ్డు, రొట్టెల పెట్టి పైన అంబా పోస్తది. అంబా అంటే మామిడికాయతోని చేసేది, బొంబాయి నుంచే బాగ్దాద్ పోయిందట. ఈమెని పట్టుకొని యూరప్‌కి తిరిగి పో అంటే ఎక్కడికి పోతది?

న్యూజెర్సీ_నాగమల్లి
ధన్యవాదాలు అన్నా. ఇజ్రాయెల్ అంటే తెల్లవాళ్ల వలస రాజ్యం అని కొట్టిపారేసేవాళ్లు ఈ పోస్టు చదవాలి. అరబ్బు దేశాల నుంచి 8 లక్షల మందికి పైగా యూదులు ఇలా వెళ్లిపోయారు. మన పంజాబ్‌లో లాగా రెండువైపులా జనం మారారు. లాహోర్ ఇంటికి తాళం చెవి పట్టుకుని ఎవరూ కోర్టుకి వెళ్లడం లేదు కదా?

లా_విశాఖ
పంజాబ్ పోలిక ఇక్కడ అతకదు. లాహోర్ నుంచి వచ్చినవాడికి ఢిల్లీలో పౌరసత్వం, ఓటు, పునరావాసం కింద స్థలం దొరికాయి. లెబనాన్‌లో పుట్టిన పాలస్తీనా శరణార్థి మనవడికి ఇప్పటికీ పౌరసత్వం లేదు, 2001 చట్టం ప్రకారం ఇల్లు కొనుక్కునే హక్కు కూడా లేదు. అందులో లెబనాన్ తప్పూ ఉంది, ఒప్పుకుంటాను. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ పట్టుకున్న వెస్ట్ బ్యాంక్‌లో అప్పటి నుంచి సైనిక పాలన. అదే కొండ మీద సెటిల్‌మెంట్‌లో, అంటే అక్కడ కట్టిన యూదు కాలనీలో, ఉండే ఇజ్రాయెలీకి పౌర చట్టం, కింద ఊళ్లో ఉండే పాలస్తీనీయుడికి సైనిక కోర్టు.

పాతబస్తీ_కుర్రాడు
జగిత్యాల అన్నా, ఆ అమ్మకి జరిగింది ఘోరం. ఇరాక్ ఆమెకి బాకీ ఉంది. కానీ యాఫావాడు ఆమె ఇల్లు లాక్కోలేదు. రెండు బాకీలు చెల్లు అనడానికి లేదు, ఎందుకంటే అప్పు పడ్డవాళ్లు వేరు, రావాల్సినవాళ్లు వేరు.

యాత్రికురాలు_గుంటూరు
అందరూ చట్టాలు, లెక్కలు మాట్లాడుతున్నారు. నేను విశ్వాసిని. అబ్రాహాముకి దేవుడు చేసిన వాగ్దానం నాకు ముఖ్యం. పవిత్ర దేశ యాత్రకి వెళ్లొచ్చాను, ఆ నేల మీద కాలు పెట్టగానే ఏడ్చేశాను. ఇజ్రాయెల్ కోసం ప్రార్థన చేయడం తప్పంటే నేను ఒప్పుకోను.

గోదారి_గట్టు
అక్కా, ప్రార్థన తప్పని ఎవరూ అనడం లేదు. నేనూ అదే బైబిల్ చదువుతాను. అందులోనే భూమి దేవుడిది, మీరు కాపురమున్న పరదేశులు మాత్రమే అని లేవీయకాండంలో లేదా? నాబోతు ద్రాక్షతోటని రాజు లాక్కుంటే ఏలీయా ఎవరి పక్షాన నిలబడ్డాడు? ఆహాబు ఇశ్రాయేలు రాజే కదా.

లా_విశాఖ
గుంటూరు అక్కా, గలిలయలో ఇక్రిత్ అనే ఊరు గురించి మీ యాత్రలో ఎవరైనా చెప్పారా? అందరూ క్రైస్తవులే. 1948 నవంబర్‌లో సైన్యం వచ్చి, రెండు వారాలు బయట ఉండండి, మళ్లీ రావొచ్చు అంది. ఎవరూ ఎదురు తిరగలేదు. రానివ్వలేదు. ఊరివాళ్లు ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1951 జులైలో వాళ్లకి అనుకూలంగా తీర్పొచ్చింది. అదే ఏడాది క్రిస్మస్ సమయంలో సైన్యం ఇళ్లన్నీ పేల్చేసింది. చర్చి ఒక్కటీ మిగిలింది, దాని కింద స్మశానం. ఆ కుటుంబాలవాళ్లు ఇజ్రాయెల్ పౌరులు, ఓటర్లు. చనిపోతే అక్కడ పాతిపెట్టడానికి అనుమతి ఉంది, బతికుండగా ఇల్లు కట్టుకోవడానికి లేదు.

యాత్రికురాలు_గుంటూరు
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. బేత్లెహేములో మా బస్సుకి గైడ్‌గా ఉన్నాయన పేరు చూసి ముస్లిం అనుకున్నాను, తర్వాత మెడలో సిలువ చూశాను. ఆయన కుటుంబం తరతరాలుగా అక్కడి క్రైస్తవులేనట. అయినా వాగ్దానం విషయంలో నా నమ్మకం మారదు. ఇంకో మాట, యూదులు అంటే దూరదేశం వాళ్లే అనుకోకండి. మా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని తెలుగు యూదులు ఉన్నారు. సబ్బాతు పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. బ్యాంకులు, గుప్పిట్లు అని పోస్టులు పెట్టేవాళ్లు వచ్చి ఆ ఇళ్లు చూడాలి. ఎక్కువమంది కూలి పనికి వెళ్లేవాళ్లే.

చరిత్ర_పిచ్చి
బ్యాంకుల కథ ఎక్కడిదో చెప్పాలి. "జియోను పెద్దల రహస్య ప్రణాళిక" పేరుతో 1903లో రష్యాలో అచ్చయిన దొంగ పత్రం నుంచి ఇది ప్రపంచమంతా పాకింది. 1921లోనే లండన్ టైమ్స్ పత్రిక దాన్ని పాత ఫ్రెంచి పుస్తకం నుంచి కాపీ కొట్టారని పక్కపక్కన అచ్చేసి చూపించింది. అయినా చావలేదు. పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ 1988 ప్రణాళికలో 32వ అధికరణంలో దాన్నే ప్రమాణంగా చూపించారు. హమాస్ 2017 పత్రంలో, మా పోరాటం యూదులతో కాదు జియోనిస్టు ప్రాజెక్టుతో అని రాశారు, కానీ పాతదాన్ని రద్దు చేస్తున్నామని ఎక్కడా అనలేదు.

న్యూజెర్సీ_నాగమల్లి
2023 అక్టోబర్ 7న వాళ్లేం చేశారో చూశాక ఆ 2017 పత్రం నేనెందుకు నమ్మాలి? 1,200 మంది చనిపోయారు, 251 మందిని ఎత్తుకుపోయారు. నీర్ ఓజ్, బేరీ ఊళ్లలో గాజా రోగులని తమ కార్లలో ఇజ్రాయెల్ ఆసుపత్రులకి తీసుకెళ్లే వాళ్లు కూడా ఉన్నారు. ఆ మర్నాడే, ఇజ్రాయెల్ ఇంకా సరిగ్గా బదులివ్వకముందే, ఇక్కడ కొందరు సంబరం చేసుకున్నారు. నాకు గీత అక్కడ కనిపించింది.

పాతబస్తీ_కుర్రాడు
ఆ సంబరం సిగ్గుచేటు. ఇంట్లో ఉన్న ముసలివాళ్లని, పిల్లల్ని చంపడానికి ఏ ఆక్రమణా సాకు కాదు. సూటిగా చెప్తున్నా. మీరు కూడా అంత సూటిగా గాజా గురించి చెప్పాలి అక్కా. చనిపోయినవాళ్లు 60 వేలు దాటారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క.

న్యూజెర్సీ_నాగమల్లి
చెప్తాను. పిల్లల్ని ఆకలితో చంపడం నేరం. నెతన్యాహు ప్రభుత్వం చేసినా, ఎవరు చేసినా. కానీ జోర్డాన్ నది నుంచి మధ్యధరా సముద్రం దాకా పాలస్తీనాయే అనే అర్థంలో "నది నుంచి సముద్రం దాకా" అని నినాదం చేసినప్పుడు అక్కడున్న 70 లక్షల యూదులు ఎక్కడుంటారో ఎవరూ చెప్పరు. నా భయం అది.

లా_విశాఖ
భయం అర్థమవుతుంది. 1977లో ఇజ్రాయెల్‌లోని లికుడ్ పార్టీ (ఇప్పటి నెతన్యాహు పార్టీ) ఎన్నికల ప్రణాళిక కూడా సముద్రానికీ జోర్డాన్‌కీ మధ్య ఇజ్రాయెల్ సార్వభౌమత్వమే ఉంటుంది అంది. పాలస్తీనీయులు కూడా అక్కడ దాదాపు 70 లక్షల మంది ఉన్నారు. వాళ్లకీ ఇదే భయం.
గీత గురించి నా పద్ధతి చెప్తాను. ఒక ప్రభుత్వం చేసిన పనిని, ఒక చట్టాన్ని, ఒక సిద్ధాంతాన్ని విమర్శిస్తే అది రాజకీయం. యూదులు పుట్టుకతోనే ఇలాంటివాళ్లు అన్నా, గాజాకి జవాబుగా హైదరాబాద్‌లోనో లండన్‌లోనో ఒక యూదుడిని నిలదీసినా అది ద్వేషం. 2008లో ముంబైలో నారిమన్ హౌస్ అనే యూదు కేంద్రంలో రబ్బీ (యూదు మతగురువు) దంపతులని చంపింది ఆ రెండో రకం. యూదు ద్వేషం అంటే ఏమిటో చెప్తూ 2016లో ఐహెచ్ఆర్ఏ (హోలోకాస్ట్ స్మరణకి పనిచేసే దేశాల కూటమి) ఇచ్చిన నిర్వచనంలో ఉన్న 11 ఉదాహరణల్లో 7 ఇజ్రాయెల్ చుట్టూనే తిరుగుతాయి. అది విమర్శ నోరు నొక్కడానికి వాడుతున్నారని 2021లో చాలామంది యూదు పండితులు కూడా సంతకం చేసి జెరూసలేం ప్రకటన పేరుతో వేరే నిర్వచనం ఇచ్చారు. గోదారి గారూ, మీ రెండు గ్రూపుల్లో మొదటిదాంట్లో మీరు చేసింది రాజకీయం, రెండోదాంట్లో వాడు చేసింది ద్వేషం. నాకేం సందేహం లేదు.

జగిత్యాల_కేర్‌గివర్
సైరన్ మోగితే నేను, ముసలమ్మ గట్టిగోడల గదిలోకి పోతం. పక్క గల్లీల అరబ్బు మెడికల్ షాపాయన కూడా అదే సైరన్‌కి ఉరుకుతడు. ఆయన తాతల ఊరు ఇప్పుడు లేదు, అడివి నాటిన్రు అని చెప్పిండు. మా ముసలమ్మ మందులు ఆయన దగ్గరనే తెస్త.

రిటైర్డ్_ఆర్‌ఐ
వెస్ట్ బ్యాంక్ సంగతి ఒకటి అడగాలి లా బాబూ. అక్కడ ఇప్పటికీ 1858 చట్టమే నడుస్తోందని విన్నాను.

లా_విశాఖ
అవునండీ. 1979లో ఎలోన్ మోరే అనే సెటిల్‌మెంట్ కేసులో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు, భద్రత పేరు చెప్పి ప్రైవేటు భూమిలో సెటిల్‌మెంట్ కట్టడం కుదరదంది. ప్రభుత్వం దారి మార్చింది. పాత ఒట్టోమాన్ చట్టంలో సేద్యం చేయని భూమి, మూడేళ్లు బీడు పెట్టిన భూమి రాజ్యానికి పోతుందని ఉంది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసి, ఇక్కడ దున్నిన గుర్తులు లేవు కాబట్టి ప్రభుత్వ భూమి అని ప్రకటించడం మొదలుపెట్టారు. రాళ్ల గుట్ట మీద ఆలివ్ చెట్ల మధ్య మేకలు మేపుకునేవాడు దున్నిన గుర్తులు ఎక్కడ చూపిస్తాడు? ప్రకటించిన భూమిలో అతి స్వల్ప భాగమే పాలస్తీనీయులకి కేటాయించారు.

రిటైర్డ్_ఆర్‌ఐ
సుల్తాను పన్ను వసూలు కోసం, బీడు తగ్గించడం కోసం పెట్టిన నిబంధన అది. దాన్ని ఇలా తిప్పారన్నమాట. గుట్టకి ఉత్తరపు వైపు, దక్షిణపు వైపు అని ఫొటోల్లో విడగొట్టి, ఈ చెక్క నీది, ఆ చెక్క సర్కారుది అంటే ఏ రైతు తట్టుకుంటాడు?

న్యూజెర్సీ_నాగమల్లి
సెటిల్‌మెంట్ల విషయంలో నేను మీతో వాదించను. నా దృష్టిలో అవి ఇజ్రాయెల్‌కే చేటు. నేను గట్టిగా పట్టుకునేది ఒక్కటే, 1948 ఇజ్రాయెల్‌కి ఉండే హక్కు. శరణార్థులు, వాళ్ల పిల్లలు అందరూ తిరిగొస్తే ఆ దేశం మిగలదు. నష్టపరిహారం ఇవ్వాలంటే ఇవ్వొచ్చు.

పాతబస్తీ_కుర్రాడు
1948 డిసెంబర్ నాటి ఐక్యరాజ్యసమితి 194వ తీర్మానంలో రెండూ ఉన్నాయి అక్కా. తిరిగి వెళ్లి శాంతిగా ఉంటామనేవాళ్లని రానివ్వాలి, వద్దనుకునేవాళ్లకి పరిహారం ఇవ్వాలి. ఏది కావాలో ఎంచుకునేది శరణార్థి. మీరు వాళ్ల తరఫున ఎంచేశారు.

సరదా_సత్తి
పరిహారం అంటే ఎవరి పొలం ఎంతో ఇన్నేళ్ల తర్వాత ఎలా తెలుస్తుంది? నిజంగానే అడుగుతున్నా.

రిటైర్డ్_ఆర్‌ఐ
తెలుస్తుంది సత్తీ. ఐక్యరాజ్యసమితి రాజీ కమిషన్ వాళ్లు బ్రిటిష్ కాలపు రిజిస్టర్లు, పన్ను పుస్తకాలు ముందు పెట్టుకుని చెక్క చెక్కకీ యజమాని పేరు, విస్తీర్ణం, 1947 నాటి ధర రాశారు. 1964 నాటికి పని పూర్తయింది. నాలుగున్నర లక్షలకి పైగా రికార్డులు. న్యూయార్క్‌లో ఉన్నాయి. యాఫా నారింజ తోట కూడా అందులో దొరుకుతుంది. జగిత్యాల తమ్ముడి ముసలమ్మ బాగ్దాద్ ఇంటికి కూడా ఇలాంటిదొకటి ఎవరైనా చేసి ఉండాల్సింది.

పాతబస్తీ_కుర్రాడు
అందులో కౌలుదార్లు ఉంటారా ఆర్‌ఐ గారూ? మర్జ్ ఇబ్న్ ఆమిర్ లోయలో లేచిపోయినవాళ్లు?

రిటైర్డ్_ఆర్‌ఐ
ఉండరు నాయనా. యజమాని పేరు మీద కట్టిన రికార్డు అది. పైగా ఆ లోయ భూములు యుద్ధానికి ఇరవై ఏళ్లకి ముందే అమ్ముడైపోయాయి. దున్నినవాడి హక్కుకి ఏ కాగితం చూపించాలో లా బాబు ఏమన్నా చెప్తాడేమో చూద్దాం.